బొంత పిల్లది, వార్డుది కాదు: ఆసుపత్రి పెద్దలకు ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్ గార్లకి, పిల్లల వార్డులు చూసే హెడ్ సిస్టర్లకి, స్టోర్ బాధ్యులకి నమస్కారం.

మీకు కూర్చునే తీరిక ఉండదని తెలుసు కాబట్టి అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మేం కుట్టి తెచ్చే బొంతలు వార్డుకి ఇస్తున్నవి కావు. వార్డులో మంచం మీదున్న పిల్లకో పిల్లాడికో ఇస్తున్నవి. దయచేసి వాటికి నంబరు వెయ్యకండి, ముద్ర కొట్టకండి, డిశ్చార్జి రోజున వెనక్కి అడగకండి. ఆ పిల్లతోపాటే ఇంటికి పంపెయ్యండి.

మేం ఎవరమంటే చెప్పడం కొంచెం కష్టం. గేటు దగ్గర సెక్యూరిటీ బాబు "ఏ సంస్థ నుంచమ్మా?" అని అడుగుతాడు. మాకు పేరు లేదు, బ్యానరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. బలగ, గుజరాతీపేట, ఆమదాలవలస వైపు నుంచి వచ్చే కొంతమంది ఆడవాళ్లం. రిటైరైన టీచర్లున్నారు, డ్వాక్రా సంఘంలో కుట్టు నేర్చుకున్నవాళ్లున్నారు, టైలర్ షాపులో జాకెట్లకి హుక్కులు కుట్టే అమ్మాయి ఉంది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో చాన్నాళ్లు పనిచేసి ఇప్పుడు కొడుకు దగ్గరికి వచ్చేసిన అప్ప ఒకామె ఉంది. జీడిగింజల నూనె తగిలి తగిలి ఆమె వేళ్ల చివర్లు నల్లబడి, గీతలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ మీద వేలిముద్ర పడదు. కానీ ఆమె వేసే టాకా అంత సన్నగా, అంత తిన్నగా మాలో ఎవరికీ రాదు. ఆదివారం భోజనాలయ్యాక మా వరండాలో చాపలు పరుచుకుని మొదలుపెడితే వెలుగు తగ్గేదాకా కుడతాం. కబుర్లు కుట్టు కంటే ఎక్కువే జరుగుతాయి, అది ఒప్పుకోవాలి.

బొంత గురించి మన వైపు వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత చీరలు, లుంగీలు పొరలుగా పరిచి ఇంట్లో ముసలమ్మలు కుట్టేదే. బిడ్డ పుడితే మొదట పాత గుడ్డలోనే చుడతాం. అందుకే ఆసుపత్రి పిల్లలకి కొత్త గుడ్డతోనే కుట్టాలని నేనన్నప్పుడు మా వరండాలో పెద్ద తగువే అయింది. జీడిపప్పు అప్ప అయితే మొహం మీదే అనేసింది: "కొత్త గుడ్డ కరుస్తాదమ్మా. గుంటకి పాత సీర మెత్తదనం ఎక్కణ్నించి తెస్తావు?" ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ ఎవరింట్లో ఎవరు కట్టిన చీరో, ఏ పెట్టెలో ఎన్నేళ్లు మగ్గిందో తెలియని గుడ్డని, ఒంట్లో రోగనిరోధక శక్తి పడిపోయిన పిల్ల మీద ఎలా కప్పుతాం? చివరికి ఇద్దరి మాటా నెగ్గేలా ఒక దారి పట్టాం. కొత్త నూలు గుడ్డే కొంటాం. గంజి పూర్తిగా వదిలేదాకా వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండేసి, మళ్లీ ఉతుకుతాం. అప్ప చెంపకి రాసుకుని చూసి "ఊఁ" అన్నాకే కత్తెర పడుతుంది.

మూడు పొరలు, అంతే. పైన రంగు ముక్కలు, మధ్యలో గాడా గుడ్డ, కింద మెత్తటి పాప్లిన్. లోపల దూది పెట్టం, ఎందుకంటే దూది పెట్టిన బొంత ఆరదు, నాలుగు ఉతుకులకి ఉండలు కడుతుంది. పొడవు నాలుగున్నర అడుగులు, వెడల్పు మూడు. గుండీలు, పూసలు, అద్దాలు, జరీ ఏమీ ఉండవు. తడిపిన తెల్లగుడ్డతో ప్రతి రంగునీ రుద్ది చూస్తాం. రంగు అంటిందంటే ఆ గుడ్డ పక్కకే. కూర్చునేటప్పుడు మనిషికి రెండు సూదులు ఇస్తాం, లేచేటప్పుడు రెండూ డబ్బా మూతలో గుచ్చి వెళ్లాలి. విరిగితే ముక్కలు రెండూ దొరకాలి. పాత రేడియో స్పీకర్‌లోంచి పీకిన అయస్కాంతం ఒకటుంది, కుట్టడం పూర్తయిన బొంత మీద దాన్ని నెమ్మదిగా తిప్పుతాం. ఒకసారి మొన దొరకని బొంత ఒకటి అలాగే మా ఇంట్లో ఉండిపోయింది. ఆసుపత్రికి పంపలేదు.

పొందూరు ఖద్దరుతో కుట్టండి, జిల్లా పేరు నిలబడుతుందని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, చేత్తో వడికి నేసే ఆ గుడ్డని వార్డు సబ్బుల్లో, మరిగే నీళ్లలో ఉడకబెట్టడానికి నాకు మనసొప్పలేదు. పిల్లలకి దాని గొప్పతనంతో పనీ లేదు. వాళ్లకి కావలసింది బస్సు. మా హుక్కుల అమ్మాయి ముక్కలు కత్తిరించి పల్లెవెలుగు బస్సు బొమ్మలు అతికిస్తుంది, కిటికీలతో సహా. మేం కష్టపడి కుట్టిన నెమళ్లు, తామరపూలు అలాగే ఉండిపోతాయి, బస్సు బొంతలు మాత్రం ముందే అయిపోతాయి.

ఇక జరిగింది చెప్తాను. ఒక ఆసుపత్రి. పేరు చెప్పను, ఏ జిల్లాదో కూడా చెప్పను, ఎందుకంటే అక్కడి సిస్టర్లు మంచివాళ్లు. మేం ఇచ్చిన బొంతలు వార్డుకి కాకుండా స్టోర్‌కి వెళ్లాయి. ప్రతి బొంత మూలనా మేం వేలెడు పొడవున తెల్లపట్టీ ఒకటి కుడతాం, పిల్ల పేరు రాసుకోవడానికి. ఆ పట్టీ మీద నీలం ఇంకుతో ఆసుపత్రి ముద్ర పడింది, పక్కన నంబరు. పేరు రాయడానికి చోటే లేదు. ఆ తర్వాత బీరువాలో పెట్టి తాళం వేశారు. పై అధికారులు తనిఖీకి వచ్చిన రోజు మంచాల మీద పరిచి, వాళ్లు వెళ్లాక మడతపెట్టి లోపల పెట్టేసేవారని వార్డులో తల్లులు చెప్పారు. ఒకామెకి మాత్రం ఎవరో సిస్టర్ జాలిపడి ఇప్పించారట. డిశ్చార్జి రోజున ఆ బొంత అప్పగించకపోతే కాగితాలు ఇవ్వరేమోనని భయపడి, నిద్రపోతున్న కూతురి మీంచి లాగి తనే తీసుకెళ్లి ఇచ్చేసిందట. ఎవరూ అడక్కముందే.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. అయితే స్టోర్ చూసే ఆయనతో మాట్లాడాక సగం చల్లారింది. "అమ్మా, రిజిస్టర్లో ఎక్కిన దుప్పటి ఆడిట్లో ఒక్కటి తగ్గినా నన్నే అడుగుతారు. చిరిగినా పారెయ్యడానికి లేదు, కండెమ్ చెయ్యాలి, దానికో కమిటీ. మీరేమో పిల్లలకి ఇచ్చి పంపెయ్యమంటున్నారు. రేపు నా గతేంటి?" అన్నాడు. ఆయన టెన్షన్ ఆయనది, అందులో తప్పేమీ లేదు. బీరువాలో బొంతలకి పురుగు పట్టకుండా కలరా ఉండలు కూడా వేసి జాగ్రత్త చేశాడు పాపం.

దాని గురించి మాత్రం అప్పుడే గట్టిగా చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను. కలరా ఉండల్లో వాడే నాఫ్తలీన్ కొందరు పిల్లలకి విషంతో సమానం. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండే పిల్లలు ఉంటారు. నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టల్లో చుట్టినా వాళ్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, కామెర్లు వచ్చి, రక్తం పడిపోవచ్చు. పసికందులకైతే మరీ ప్రమాదం. మలేరియా ఎక్కువగా ఉండే కొండప్రాంతాల జనంలో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుందని డాక్టర్లకి తెలిసిందే, మన ఆసుపత్రులకి ఆ కొండల పిల్లలు వస్తూనే ఉంటారు. బొంతలకనే కాదు, పిల్లల వార్డుకి వెళ్లే ఏ గుడ్డ దగ్గరా ఆ ఉండలు ఉండకూడదు.

స్టోర్ ఆయన సమస్యకి మాకు తోచిన మందు ఇది. బొంత వచ్చిన రోజున విరాళంగా వచ్చిందని రాసుకోండి. పిల్ల చేతికి వెళ్లిన రోజున ఫలానా పేషెంటుకి ఇచ్చేశామని పక్కనే రాసి తల్లి చేత సంతకమో వేలిముద్రో తీసుకోండి. మాత్రలకి, సెలైన్‌కి అలాగే రాస్తారు కదా, ఇచ్చాక వెనక్కి తెమ్మనరు. ప్రసవమైన తల్లికి బేబీ కిట్ ఇచ్చి పంపినప్పుడు అందులోని దుప్పటి తిరిగిచ్చి వెళ్లమని ఎవరూ అనలేదు. బొంతకీ అదే పద్ధతి పెట్టండి. మీ ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ మీటింగులో ఒక చిన్న తీర్మానం చేసి, సూపరింటెండెంట్ గారి సంతకంతో ఒక కాగితం స్టోర్లో పెడితే ఆయనకి భయం ఉండదు. మేం అడుగుతున్నది ఆ ఒక్క కాగితమే. డబ్బులు కాదు, గది కాదు, సన్మానం అసలే కాదు.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన పద్ధతి కూడా కాదు. 1995లో అమెరికాలోని డెన్వర్‌లో ఒకావిడ క్యాన్సర్ పిల్లలకి చేత్తో చేసిన దుప్పట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రాజెక్ట్ లైనస్ అని ఇప్పుడు ఆ దేశమంతా ఉంది. వాళ్ల షరతులూ ఇవే: కొత్తది, చేత్తో చేసినది, ఉతకడానికి వీలైనది. ఇచ్చింది ఆ పిల్లకే.

పిల్లకే ఎందుకు అని ఇంతలా పట్టుబట్టడానికి కారణం మన జిల్లాల వైద్యం నడిచే తీరులోనే ఉంది. పెద్ద జబ్బు అయితే ఇక్కడ రెండ్రోజులు చూసి "వైజాగ్ రాసేస్తారు". అక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాలి. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లు పైమాటే, ఇచ్ఛాపురం నుంచైతే ఇక చెప్పక్కర్లేదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కి చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. తలసీమియా పిల్లలకి మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అది ఏళ్ల తరబడి. ఒక మంచం, ఒక వార్డు, ఒక ఊరు అంటూ ఈ పిల్లలకి ఉండదు. ప్రతిచోటా కొత్త మొహాలు, కొత్త వాసనలు, కొత్త సూదులు. వాళ్లతో పాటు 108లో ఎక్కేది, ఆర్టీసీ బస్సులో ఒళ్లో ఉండేది, అక్కడి వార్డు మంచం మీద మళ్లీ పరుచుకునేది ఏదో ఒకటి ఉండాలి. బొంత మీ వార్డుదైతే పిల్లని వైజాగ్ పంపిన రోజునే దాన్ని మీరు దించేసుకుంటారు.

సికిల్ సెల్ పిల్లల సంగతి ఇంకా వేరు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు ఊళ్లు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నా, జబ్బు ముదిరితే పిల్లల్ని కిందికి మన దగ్గరికే దించుతారు. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. చలి తగిలితే నాళాలు ముడుచుకుని నొప్పులు తిరగబెడతాయి. ఒళ్లు వెచ్చగా ఉంచండి, నీళ్లు బాగా తాగించండి అని డిశ్చార్జి చేసేటప్పుడు మీరే చెప్పి పంపుతారు. 2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలనకి దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది, 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చెయ్యాలని గడువు. రక్తపరీక్షలు, కార్డులు అన్నీ అవసరమే. కానీ పుష్యమాసం తెల్లవారుజామున ఆ కొండ మీద ఇంట్లో ఆ పిల్లకి వెచ్చగా కప్పుకునేందుకు ఏముంది? వార్డులో వారం రోజులు కప్పి, చలిలోకి పంపేటప్పుడు లాగేసుకోవడంలో అర్థం నాకు కనిపించదు.

అలాంటి ఒక తల్లే మొదటిసారి మా చేత ఈ ఆలోచన చేయించింది. బొంత చేతికిస్తే తీసుకోలేదు. రెండు వేళ్లతో అంచు పట్టుకుని "ఇది మాకే ఇచ్చీసినట్టేనేటమ్మా? అట్టుకెళ్లిపోవచ్చా, ఇక్కడే వదిలీయాలా?" అని అడిగింది. మేం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నాం. ఆ జవాబు చెప్పే అధికారం మాకు లేదు, మీకుంది.

మీకుండే అభ్యంతరాలు నాకు తెలుసు. ఇన్ఫెక్షన్ మాట అందరికంటే ముందు వస్తుంది, రావాలి కూడా. కీమో తీసుకుంటూ తెల్లకణాలు పడిపోయిన పిల్ల దగ్గరికి బయటి వస్తువు ఏదీ మిమ్మల్ని అడక్కుండా రానివ్వకండి. మేం ఉతికి, ఆరబెట్టి, కవర్లో పెట్టి సీలు చేసే తెస్తాం. అయినా మీ పద్ధతిలో మళ్లీ ఉతికించుకోండి, ఆ వేడికి తట్టుకునేలాగే కుట్టాం. ఇప్పుడు వద్దు, కౌంటు పెరిగాక ఇద్దాం అంటే అలాగే. ఏడాది లోపు పిల్లలకి మేమే ఇవ్వం. నిద్రలో మొహం మీదికి జరిగితే ఊపిరి ఆడదు. నెలలు నిండని బిడ్డకి తల్లి ఒంటి వేడిని మించిన బొంత లేదని కంగారూ పద్ధతి గురించి మీ సిస్టర్లే మాకు చెప్పారు.

బొంతతో పాటు తల్లులకి రెండు మాటలు చెప్పమని కూడా సిస్టర్లని కోరుతున్నాను. జ్వరం కాస్తున్న పిల్లకి చెమట పట్టాలని బొంత బిగించి కప్పే అలవాటు మన ఇళ్లలో ఉంది, అలా కప్పొద్దు. రక్తం ఎక్కుతుండగా వణుకు మొదలైతే చలేస్తుందేమోలే అని కప్పి ఊరుకోవద్దు, వెంటనే సిస్టర్‌ని పిలవాలి. ఆ వణుకు రక్తం పడకపోవడం వల్ల కావచ్చు. మేం ఇచ్చిన గుడ్డ ఆ ఆపదని దాచిపెట్టకూడదు.

ఇంటికి ఇస్తే అమ్ముకుంటారని ఒకాయన అన్నారు. అమ్ముకోనివ్వండి. ఆ డబ్బు వైజాగ్ బస్సు ఛార్జీకే పోతుంది. ఇచ్చేసిన వస్తువు మీద మాకూ మీకూ పెత్తనం దేనికి?

ఒక మంచానికిచ్చి పక్క మంచానికి ఇవ్వకపోతే గొడవ అవుతుందన్నది మాత్రం నిజమైన ఇబ్బందే. మేం అందరికీ కుట్టలేం, ఒక్క బొంతకి చేతికుట్టు అంటే నలుగురికి రెండు మూడు ఆదివారాల పని. డెంగీతోనో విరేచనాలతోనో వచ్చి నాలుగు రోజుల్లో వెళ్లిపోయే పిల్లలకి కాకుండా, మళ్లీ మళ్లీ రావలసిన పిల్లలకి ముందు ఇద్దామని మా ఆలోచన. ఎవరు ముందో మీ సిస్టర్లు చెప్పాలి, మేం చెప్పకూడదు. వీలైతే రెండు మూడు బొంతలు ముందు పెట్టి పిల్లనే ఎంచుకోమనండి. మాత్ర మింగనా వద్దా, సూది పొడిపించుకోనా వద్దా అని అక్కడ వాళ్లని ఎవరూ అడగరు. ఏ బస్సు కావాలో అయినా వాళ్లు చెప్పుకుంటారు.

ఫొటోలు వద్దు. బొంత ఇస్తూ వద్దు, కప్పి వద్దు, మంచం చుట్టూ నిలబడి వద్దు. మాలో ఎవరైనా ఫోను తీసినా వెంటనే వద్దనండి.

ఇంకో మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు కానీ రాయాలి. అందరు పిల్లలూ ఇంటికి వెళ్లరు. అలాంటప్పుడు బొంత ఏం చెయ్యాలో ఆ తల్లినే అడగండి. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదనే వాళ్లు ఉంటారు, వదిలేసి వెళ్తారు. కొందరు దాన్ని ఎవరి చేతికీ ఇవ్వరు. ఏది చేసినా సరే. ఆ పూట మాత్రం లెక్క కోసం ఎవరూ ఆమె వెనక పరిగెత్తకూడదు.

కార్తీకం దాటితే చలి ముదురుతుంది. సంక్రాంతి దగ్గరపడితే మా టైలర్ షాపు వాళ్లకి ఊపిరి సలపదు. అందుకే మీ కాగితం కొంచెం ముందే చేతికొస్తే మాకు పని కుదురుతుంది. ఇక ఆ బీరువాలో ముద్ర పడిన బొంతలు ఇంకా ఉన్నట్టయితే, కొత్త పట్టీలు పట్టుకుని మేమే వస్తాం. పాత పట్టీ విప్పి కొత్తది వెయ్యడానికి ఒక్కోదానికి పది నిమిషాలు పడుతుంది. వార్డు బయట వరండాలో కూర్చుని కుట్టేసి వెళ్లిపోతాం. ఏ రోజు రమ్మంటారో చెప్పండి. ఆదివారమైతే అందరం వస్తాం.

ఇట్లు,
బొంతలు కుట్టే ఆడవాళ్ల తరఫున ఒకరు,
శ్రీకాకుళం